బి.ఎ., బి.కాం., బి.ఎస్సీ. పిల్లలను ఒకే సమస్య చుట్టూ కూర్చోబెట్టడం ఎలా?

ప్రశ్న: వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, శ్రీకాకుళం జిల్లా

అందరికీ నమస్కారం. ఉద్దానానికి దగ్గరలో ఉన్న ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో నేను వృక్షశాస్త్రం చెబుతాను. మానవ వనరుల అభివృద్ధి శాఖ 2018లో మొదలుపెట్టిన పథకం కింద ఏర్పడిన, విద్యార్థుల కొత్త ఆలోచనలను ప్రోత్సహించే ఇన్నవేషన్ కౌన్సిల్ మా దగ్గరా ఉంది. దాని బాధ్యత ఇప్పుడు నా మీద పడింది. ఇష్టంగానే తీసుకున్నాను.

ఏడాది పొడవునా జరపాల్సిన కార్యక్రమాల పట్టిక పైనుంచి వస్తుంది. ఉపన్యాసం, క్విజ్, పోస్టర్ల పోటీ, ఏదో ఒక దినోత్సవం. అన్నీ జరుపుతాం, ఫొటోలు తీస్తాం, నివేదిక ఎక్కిస్తాం, నక్షత్రాల రేటింగ్ కోసం ఎదురుచూస్తాం. పిల్లలు చప్పట్లు కొడతారు, ధ్రువపత్రం తీసుకుంటారు, బస్సుకు వేళయిందని వెళ్ళిపోతారు. మొన్నటి పోస్టర్ల పోటీలో వచ్చినవాటిలో చాలా భాగం మొబైల్ యాప్‌ల బొమ్మలే. ఆ యాప్ ఎవరు తయారుచేస్తారు, ఎవరు వాడతారు అని అడిగితే జవాబు లేదు. పోటీకి పేరు ఇవ్వని ఒక బి.ఎ. అమ్మాయిని కారణం అడిగాను. "అది కంప్యూటర్ వాళ్ళకు కదా మేడమ్" అంది. ఆ మాట నన్ను వదలడం లేదు. మా కళాశాలలో సగానికి పైగా పిల్లలు చరిత్ర, అర్థశాస్త్రం, తెలుగు, కామర్స్ చదివేవారే. వాళ్ళందరూ ఈ తలుపు తమది కాదనుకుంటే, నేను నడుపుతున్న కౌన్సిల్ ఎవరి కోసం?

అసలు సంగతికి వస్తాను. మా ల్యాబులో హెర్బేరియం షీట్ల మీద మొక్కలు అతికిస్తున్నప్పుడు రెండో సంవత్సరం బి.ఎస్సీ. అమ్మాయి వేళ్ళు చూశాను. కొసలు నల్లబడి, చర్మం పొరలుగా లేచి ఉంది. జీడి అంటిన వేళ్ళని చూడగానే తెలిసిపోతుంది. సెలవురోజుల్లో తల్లితోపాటు జీడి పరిశ్రమకు పనికి వెళ్తుందట. పిక్క కోసేటప్పుడు గింజ పెంకులోని నూనె చేతికి అంటితే చర్మం పొక్కుతుంది. ఆముదమో, బూడిదో రాసుకుని పనిలో కూర్చుంటారు. చేతి తొడుగులు ఇవ్వరా అని అడిగితే, "ఇచ్చినా వేసుకోరు మేడమ్. వేలికి పప్పు తెలియదు, విరిగిపోతుంది. పని నెమ్మదిస్తుంది, కూలి కిలోల లెక్క కదా" అని చెప్పింది.

ఆ ఒక్క జవాబులో ఎన్ని శాస్త్రాలు ఉన్నాయో చూడండి. చర్మాన్ని కాల్చే ఆమ్లం రసాయనశాస్త్రానిది. కిలోల లెక్కన కూలి, విరిగిన పప్పుకు తగ్గే ధర కామర్స్, అర్థశాస్త్రాలవి. ఆ పనిలో దాదాపు అందరూ ఆడవాళ్ళే ఎందుకన్నది చరిత్ర, రాజనీతిశాస్త్రం చదివేవారు అడగాల్సిన ప్రశ్న. వాళ్ళతో కూర్చుని మాట్లాడి, చెప్పినది చెప్పినట్లు రాయడానికి భాష బాగా వచ్చినవాళ్ళు కావాలి. ఇంతకన్నా మంచి ప్రాజెక్టు మా పిల్లలకు ఎక్కడ దొరుకుతుంది?

నాలుగు విభాగాల వాళ్ళతో మాట్లాడాను. ఎవరూ కాదనలేదు, ఎవరూ ముందుకూ రాలేదు. టైమ్‌టేబుల్ కుదరదు, సిలబస్ పూర్తికాదు, మార్కులు ఎవరు వేస్తారు, ఏ పద్దు కింద ఖర్చు రాస్తారు. ఇవన్నీ న్యాయమైన ప్రశ్నలే. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. వేర్వేరు కోర్సుల పిల్లలను ఒకే పని మీద నిలబెట్టిన అనుభవం ఎవరికైనా ఉందా? పెద్ద ల్యాబు, దగ్గరలో ఇంక్యుబేషన్ కేంద్రం (కొత్త వ్యాపారాలకు తొలి అండనిచ్చే చోటు) లేని కళాశాల ఎక్కడ మొదలుపెట్టాలి? పిల్లలు నిజంగానే ఏదైనా తయారుచేస్తే అది ఎవరి సొత్తు అవుతుంది?

జవాబు 1: వ్యవసాయ ఇంక్యుబేషన్‌లో పనిచేస్తాను, హైదరాబాద్

నమస్తే మేడమ్. రాజేంద్రనగర్ ప్రాంతంలో వ్యవసాయ స్టార్టప్‌లతో పనిచేస్తుంటాను. మాది ఇచ్ఛాపురం వైపు ఊరే కాబట్టి ఈ ప్రశ్నను రెండుసార్లు చదివాను.

మా దగ్గరకు వచ్చే దరఖాస్తుల్లో ఎక్కువ భాగం పరిష్కారంతో మొదలవుతాయి. డ్రోను ఉంది, సెన్సరు ఉంది, దానికి ఒక రైతును వెతకాలి. మీకు సమస్య ముందు దొరికింది, అదీ మీ విద్యార్థిని చేతి మీదే కనిపించింది. ఆవిష్కరణల పోటీ పెట్టి దీన్ని నాలుగు నిమిషాల ప్రసంగంగా మార్చవద్దని నా మొదటి విన్నపం. ముందు పిల్లలను పరిశ్రమలో కూర్చోబెట్టండి. ఏదీ తయారుచేయమని అడగవద్దు. చూసి, కొలిచి, రాసుకుని రమ్మనండి.

ఏమి కొలవాలి? పిక్కలను ఆవిరిలో ఉడికిస్తారు, ఆరబెడతారు, కత్తెర యంత్రంతో పెంకు పగలగొడతారు, పప్పును డ్రయ్యర్‌లో పెడతారు, పొట్టు తీస్తారు, గ్రేడింగ్ చేస్తారు. ఒక్కో దశలో చేతికి ఎంత నూనె అంటుతోంది, ఎంత పప్పు విరుగుతోంది, ఎంత సమయం పడుతోంది అన్నది ఒక పట్టికగా తయారుకావాలి. ఉడికించడం సరిగ్గా ఉందో లేదో పెంకు పగిలే తీరులోనే తెలుస్తుంది. మీరు చేతి తొడుగుల సమస్య అనుకుంటున్నది ఒకవేళ బాయిలర్ దగ్గర మొదలవుతోందేమో. అది పట్టుకోవడానికి ఇంజనీరే అక్కర్లేదు, ఓపికగా చూసే బి.ఎస్సీ. విద్యార్థి చాలు.

ఇక్కడే మీ కామర్స్ పిల్లల పని చాలా పెద్దది. జీడిపప్పు గ్రేడులు వాళ్ళతో చదివించండి. డబ్ల్యూ-180 అంటే పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 170 నుంచి 180 గుండ్లు తూగే పెద్ద పప్పు. డబ్ల్యూ-240లో 220 నుంచి 240, డబ్ల్యూ-320లో 300 నుంచి 320 ఉంటాయి. గుండు బద్ద అయిందంటే ధర పడిపోతుంది, ముక్కయితే మరీ పడిపోతుంది. కాబట్టి యజమానికి పప్పు తక్కువ విరగడం డబ్బు, కూలి మనిషికి వేగం డబ్బు. చేతికి రక్షణనిచ్చే వస్తువు ఏది తయారైనా ఈ రెండు లెక్కలనూ దాటాలి. వేగాన్ని రోజుకు రెండు కిలోలు తగ్గించే తొడుగు ఎంత బాగున్నా మూలన పడి ఉంటుంది. ఈ లెక్క కట్టేది కామర్స్ విద్యార్థి. ఆ లెక్క లేకుండా రసాయనశాస్త్రం విద్యార్థి తయారుచేసే లేపనం ల్యాబు దాటదు.

రసాయనశాస్త్రం వైపు చెప్పాలంటే, పెంకు నూనెలో చర్మాన్ని దెబ్బతీసేవి ముఖ్యంగా అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్. ఆ నూనెనే బ్రేకు లైనింగుల్లో, రంగుల్లో, రెజిన్లలో వాడతారు, అంటే అది అమ్ముడుపోయే సరుకు కూడా. చేతికి రాసుకునే పూత ఏదైనా రెండు పరీక్షలు దాటాలి. నూనెను లోపలికి రానివ్వకూడదు, పప్పుకు వాసన గానీ రుచి గానీ అంటించకూడదు. ఆముదం, బూడిద ఇన్నేళ్ళుగా ఎందుకు నిలిచాయో ముందు పరిశీలించండి. పని చేసే ఆడవాళ్ళు కాలక్రమంలో చేసిన ప్రయోగం అది, దాని ఫలితాలు వాళ్ళ నోటనే ఉన్నాయి.

టైమ్‌టేబుల్ సంగతికి నాకు తోచిన దారి ఒకటి ఉంది. ఆంధ్రప్రదేశ్ డిగ్రీలో మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది కదా. పిల్లలు ఎలాగూ ఊళ్ళలోకి వెళ్ళాలి, లాగ్ పుస్తకం రాయాలి, దానికి క్రెడిట్లు ఉన్నాయి. చాలాచోట్ల అది ఎవరి ఊళ్ళో వాళ్ళు ఇంటింటి సర్వే కాగితం నింపడంతో ముగుస్తుంది. దాన్నే ఈ పనికి మళ్ళించండి. ఒక బి.ఎస్సీ., ఒక బి.కాం., ఒక బి.ఎ. కలిసి ఒక జట్టు, ముగ్గురికీ ఒకే పరిశ్రమ, మూడు వేర్వేరు నివేదికలు. ఎవరి విభాగం మార్కులు వాళ్ళే వేస్తారు. కొత్త జీవో అక్కర్లేదు, కొత్త పద్దూ అక్కర్లేదు.

మరో చిన్న మాట. ఉద్దానం తోటల్లో జీడిమామిడి పండు చాలా వరకు చెట్టు కిందే కుళ్ళిపోతుంది. కోసిన రోజే పాడవడం మొదలవుతుంది, వగరు ఎక్కువ. గోవాలో దాంతో ఫెనీ చేస్తారు. ఇక్కడ వగరు తీసిన రసం, ఎండు ముక్కలు, పశువుల దాణా మీద మీ విభాగం వాళ్ళే పనిచేయవచ్చు. అది రెండో ఏడాదికి ఉంచుకోండి. ముందు చేతుల సంగతి చూడండి.

జవాబు 2: విశ్రాంత ఆచార్యుడు, విశాఖపట్నం

అమ్మా, మీ చివరి ప్రశ్నకు మాత్రం నేను జవాబు చెబుతాను. విశ్వవిద్యాలయంలో ఉన్నప్పుడు ఈ కాగితాలన్నీ నా బల్ల మీదుగానే వెళ్ళేవి.

విద్యార్థులు, అధ్యాపకుల కోసం జాతీయ ఆవిష్కరణ, స్టార్టప్ విధానం 2019లో వచ్చింది. మీ ప్రిన్సిపల్‌గారి దగ్గర దాని ప్రతి ఉండే ఉంటుంది, తీసి చదవండి. ఉన్నత విద్యాసంస్థలన్నింటికీ ఉద్దేశించిన మార్గదర్శకం అది. ప్రీ ఇంక్యుబేషన్ (కంపెనీ పెట్టకముందు ఆలోచనను పరీక్షించుకునే) సదుపాయాలు అన్ని విభాగాల విద్యార్థులకూ, సిబ్బందికీ అందుబాటులో ఉండాలని అందులో స్పష్టంగా ఉంది. "అది కంప్యూటర్ వాళ్ళకు కదా" అన్న అమ్మాయికి ఆ వాక్యం చూపించండి.

సంస్థ వార్షిక బడ్జెట్‌లో కనీసం 1 శాతం ఆవిష్కరణల నిధిగా కేటాయించాలని అందులోనే ఉంది. నమూనాల మీద పనిచేసినందుకు విద్యార్థులకు క్రెడిట్లు ఇవ్వవచ్చు. సంస్థ అనుమతితో హాజరు తక్కువైనా పరీక్ష రాయనివ్వవచ్చు, సెమిస్టరో సంవత్సరమో విరామం ఇవ్వవచ్చు. ఇవన్నీ మార్గదర్శకాలే కాబట్టి, మీ కళాశాల పాలకవర్గమో అకడమిక్ కౌన్సిలో తీర్మానం చేసుకుంటేనే అమలులోకి వస్తాయి. ఆ తీర్మానం లేకుండా ఏ పిల్లవాడికీ హాజరు మినహాయింపు హామీ ఇవ్వకండి.

సొత్తు విషయంలోనూ దారి ఉంది. కళాశాల నిధులు, పరికరాలు గణనీయంగా వాడినా, పాఠ్యక్రమంలో భాగంగా చేసినా ఆ మేధాసంపత్తి తయారుచేసినవారిదీ సంస్థదీ ఉమ్మడిగా ఉంటుంది. కళాశాల సదుపాయాలు ఏవీ వాడకుండా, చదువులో భాగం కాకుండా విద్యార్థి సొంతంగా చేసుకుంటే అది పూర్తిగా విద్యార్థిదే. పైన సోదరుడు చెప్పినట్లు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కింద చేస్తే అది మొదటి కోవలోకి వస్తుందని పిల్లలకు ముందే చెప్పాలి. ముందే ఒక పేజీ ఒప్పందం రాసుకోండి, జట్టులో ఎవరి వాటా ఎంత అన్నది కూడా. స్నేహం బాగున్న రోజుల్లోనే రాసుకోవాల్సిన కాగితం అది. సంస్థ తన సేవలకు బదులుగా విద్యార్థి కంపెనీలో 2 నుంచి 9.5 శాతం వరకు వాటా తీసుకోవచ్చని ఆ విధానం చెబుతుంది. మీలాంటి కళాశాల అసలేమీ తీసుకోకుండా ఉంటే మంచిదని నా అభిప్రాయం.

పేటెంటు గురించి గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. దరఖాస్తు వేయకముందే పోస్టర్‌లోనో, ప్రదర్శనలోనో, పత్రికలోనో వివరాలు బయటపెడితే కొత్తదనం పోయినట్లే లెక్క. మనవాళ్ళు ముందు విలేఖరిని పిలుస్తారు, తర్వాత న్యాయవాదిని వెతుకుతారు. తాత్కాలిక వివరణతో దరఖాస్తు వేస్తే పూర్తి వివరణ ఇవ్వడానికి 12 నెలల గడువు దొరుకుతుంది. వ్యక్తులకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు, 2021 సవరణ తర్వాత విద్యాసంస్థలకూ అంతే. మీరు వృక్షశాస్త్రం వారు కాబట్టి ఇంకొకటి. మన దేశపు మొక్కల నుంచి తీసిన పదార్థం మీద పేటెంటు కోరితే 2002 నాటి జీవవైవిధ్య చట్టం వర్తిస్తుంది, చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ దగ్గరకు వెళ్ళాలి. కషాయంతోనో జిగురుతోనో పూత తయారుచేయాలనుకుంటే ఇది గుర్తుంచుకోండి.

భౌతికమైన నమూనా తయారీకి కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం నిధి ప్రయాస్ పథకం కింద 10 లక్షల రూపాయల వరకు సహాయం ఉంది. అది గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారానే వస్తుంది. మీకు దగ్గర విశాఖపట్నం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంక్యుబేషన్ కేంద్రం ఉంది. 2025 ఆగస్టులో మొదలైన రతన్ టాటా ఇన్నవేషన్ హబ్‌కు మంగళగిరి ప్రధాన కేంద్రమైనా విశాఖలోనూ ఒక శాఖ ఉంది. చేతిలో కొలతల పట్టిక ఉన్నప్పుడు వెళ్ళండి. ఆలోచన ఒక్కటే తీసుకుని వెళ్తే టీ ఇచ్చి పంపుతారు.

జవాబు 3: చోడి పిండి వ్యాపారం, విజయనగరం

మేడమ్, నేను చదివింది బి.ఎ., ప్రత్యేక తెలుగు. ఇప్పుడు చోడి (రాగి), సామ, కొర్రలతో పిండ్లు, జావ మిశ్రమాలు తయారుచేసి అమ్ముతున్నాను. మా ఇంటి వెనక షెడ్డులో నలుగురు పనిచేస్తారు. మీ బి.ఎ. అమ్మాయికి నా తరఫున ఒక మాట చెప్పండి. ఈ పనిలో నన్ను నిలబెట్టింది మాట్లాడే అలవాటు, రాసే అలవాటు. సంతలో చోళ్ళు అమ్మే గిరిజన మహిళలతో కూర్చుని ఏ పంట ఎప్పుడు వస్తుంది, ఎలా దాస్తారు అని అడిగి రాసుకున్న పుస్తకమే నా పెట్టుబడి. డబ్బా మీద రాసిన వాడే విధానం చదివి ఫోన్ చేసినవాళ్ళే నా పాత కొనుగోలుదారులు.

కానీ తెలుగుతో ఆగిపోయి ఉంటే ఇంత దూరం వచ్చేదాన్ని కాదు. పిండిలో పురుగు వచ్చేది. జంతుశాస్త్రం చదివిన స్నేహితురాలు వచ్చి చూసి, గుడ్లు ధాన్యంతోపాటే లోపలికి వస్తున్నాయి, సంచి మార్చినందువల్ల ఉపయోగం లేదని చెప్పింది. బాగా ఎండబెట్టి, వేయించి, చల్లారాక తడి లేని చోట మరపట్టించడం అప్పుడు మొదలుపెట్టాను. ఆ మాట చెప్పడానికి ఆమెకు డిగ్రీ రెండో ఏడాది పాఠం సరిపోయింది.

ఇంకో మేలు మా కళాశాల కామర్స్ మాస్టారు చేశారు. ధర ఎలా పెట్టావమ్మా అని అడిగారు. ధాన్యం, మరపట్టింపు, కవరు, రవాణా అని చెప్పాను. "నీ కూలి ఎక్కడ?" అన్నారు. కరెంటు, దుకాణం కమిషన్, తిరిగి వచ్చే సరుకు, నా రోజు కూలి అన్నీ కాగితం మీద పెట్టించారు. ఆడపిల్లలు ఇంటి నుంచి చేసే వ్యాపారాల్లో ఈ ఒక్క వరుస ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. లాభం వస్తోందనుకుంటాం, నిజానికి మన శ్రమను ఉచితంగా అమ్ముతుంటాం. మీ జట్టులో బి.కాం. పిల్లలు ఎవరి నమూనాకైనా ధర కడితే, తయారుచేసినవాళ్ళ కూలి తప్పకుండా వేయమని చెప్పండి.

తినే వస్తువు తయారుచేయాలనుకుంటే, చిన్న వ్యాపారానికి ఆహార భద్రత ప్రాధికార సంస్థ ప్రాథమిక నమోదు చాలు. ఉద్యమ్ నమోదు ఆధార్‌తో ఉచితంగా అవుతుంది. డబ్బులు అడిగే మధ్యవర్తులు బోలెడుమంది ఉన్నారు, వాళ్ళ దగ్గరకు వెళ్ళవద్దు. లేబుల్ మీద నికర బరువు, తయారీ తేదీ, బ్యాచ్ సంఖ్య, గరిష్ఠ ధర, శాకాహార గుర్తు, నమోదు సంఖ్య ఉండాలి. ఒక సాయంత్రం పిల్లలందరికీ తలా ఒక పొట్లం ఇచ్చి లేబుల్ చదివించండి. మంచి పాఠం అవుతుంది.

జవాబు 4: అర్థశాస్త్ర అధ్యాపకుడు, వరంగల్

నాకు కొన్ని అభ్యంతరాలు ఉన్నాయి. మేడమ్ ఉద్దేశం మీద నాకు పూర్తి గౌరవం ఉంది, అయినా చెప్పాలి.

మన డిగ్రీ కళాశాలల పిల్లలు ఎవరు? ఫీజు రీయింబర్స్‌మెంటు మీద చదివేవారు, ఇంట్లో మొదటిసారి కళాశాల గడప తొక్కినవారు. మూడేళ్ళు ముగియగానే జీతం ఇంటికి రావాలని తల్లిదండ్రులు ఎదురుచూస్తారు. డీఎస్సీ, గ్రూప్స్, కానిస్టేబుల్ పరీక్షలకు కూర్చోవడం పిరికితనం అన్నట్లు వేదికల మీద మాట్లాడే వక్తలను చూశాను. "ఉద్యోగం అడగవద్దు, ఉద్యోగం ఇవ్వు" అని చెప్పి కారెక్కి వెళ్ళిపోతారు. నష్టం వస్తే భరించేది ఆ పిల్లవాడి తల్లి మెడలోని పుస్తెలతాడు. చదువుకునే రోజుల్లో ఏ విద్యార్థీ ఈ పని కోసం అప్పు చేయకూడదన్నది మీ కౌన్సిల్‌లో రాతపూర్వక నియమంగా పెట్టండి. ఖర్చు కళాశాల నిధి నుంచో, గ్రాంటు నుంచో రావాలి. లేకపోతే పని చిన్నదిగానే ఉండనివ్వండి.

రెండోది, లెక్కల కోసం కంపెనీలు నమోదు చేయించవద్దు. ఎన్ని స్టార్టప్‌లు అని పైవాళ్ళు అడుగుతారు, కళాశాలలు పిల్లల పేర్ల మీద ప్రైవేటు లిమిటెడ్ కంపెనీలు తెరిపిస్తాయి. అమ్మకం ఒక్క రూపాయి లేకపోయినా ఆడిటరును పెట్టుకోవాలి, ఏటా రిజిస్ట్రారుకు పత్రాలు సమర్పించాలి. గడువు దాటితే జరిమానా. ఇరవై ఏళ్ళ పిల్లవాడు అందులో డైరెక్టరు.

మూడోది నాకు అన్నింటికన్నా ముఖ్యం. ఆసు (నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పే పని) పోసి పోసి తల్లి భుజం నొప్పితో బాధపడటం చూసి ఆసు యంత్రం తయారుచేసిన చింతకింది మల్లేశం గారు ఏ విశ్వవిద్యాలయం నుంచీ రాలేదు. చిన్నప్పుడే బడి మానేసిన చేనేత కుటుంబం బిడ్డ. యంత్రం 1999లో తయారైంది, దానికి తల్లి పేరు మీదే లక్ష్మి ఆసు యంత్రం అని పేరు పెట్టారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. చీరకు నాలుగైదు గంటలు పట్టే పని గంటన్నరకు దిగింది. ఇలాంటివారిని ఊరూరా తిరిగి వెతికే పల్లె సృజన వంటి సంస్థలు మనకు ఉన్నాయి. మీ ప్రాజెక్టులో జీడి పనివాళ్ళు సమాచారం ఇచ్చేవాళ్ళుగా మిగిలిపోకూడదు. బూడిద, ఆముదం వాడకంలో వాళ్ళకు తెలిసినదాని ఆధారంగా పూత తయారైతే వాళ్ళ పేర్లు కూడా ఆవిష్కర్తల్లో ఉండాలి. ఆచార్యులవారు చెప్పిన ఒక పేజీ ఒప్పందంలో ఈ వరుస కూడా చేర్చండి.

ఇవి ఒప్పుకుంటే నేను పూర్తిగా మీ పక్షమే. కిలోల కూలి వేగాన్ని పెంచి ఆరోగ్యాన్ని ఎలా తింటుందో ఒక బి.ఎ. అర్థశాస్త్రం విద్యార్థి స్వయంగా లెక్కగట్టి రాస్తే, నేను పాఠంగా చెప్పే ఏ అధ్యాయం కన్నా అది విలువైనది. దాంతో ఒక వస్తువు తయారుకాకపోయినా సరే. కూలి కట్టే పద్ధతి మారినా అది ఆవిష్కరణే.

జవాబు 5: బి.ఎ. మూడో సంవత్సరం, అనకాపల్లి జిల్లా

నమస్కారం. నేను చరిత్ర విద్యార్థిని. మా ఊరికి దగ్గరలోనే ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేస్తారు, 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రసాయన రంగులు వచ్చాక మొక్కల రంగులను సి.వి. రాజు గారు మళ్ళీ వాడుకలోకి తెచ్చారు, ఆయనకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. గింజలు, బెరడు, వేళ్ళు, ఆకుల నుంచి రంగులు తీస్తారు.

ప్రాజెక్టు కోసం అక్కడికి వెళ్ళినప్పుడు నేను చరిత్ర మాత్రమే రాశాను. ఈ చర్చ చదివాక అనిపిస్తోంది, మా జట్టులో వృక్షశాస్త్రం వాళ్ళు ఉంటే అంకుడు చెట్లు ఇప్పుడు ఎంత దూరం నుంచి తెస్తున్నారు, పెంపకం ఎక్కడ సాధ్యం అన్నది కూడా రాసేవాళ్ళం. అక్కడి కళాకారులు మాతో ఎక్కువగా మాట్లాడింది కర్ర గురించే. మా కళాశాలలో ఇలాంటి కౌన్సిల్ ఉందో లేదో రేపే అడుగుతాను. అర్థశాస్త్రం సార్‌కు ఒక ప్రశ్న. అమ్మాయిలను పరిశ్రమలకు, వేరే ఊళ్ళకు పంపడానికి ఇళ్ళలో ఒప్పుకోరు. మీ దగ్గర ఏం చేస్తారు?

జవాబు 4 నుంచి మళ్ళీ: అర్థశాస్త్ర అధ్యాపకుడు, వరంగల్

అమ్మా, మా దగ్గర ఒక అధ్యాపకురాలు తప్పనిసరిగా వెంట వెళ్తారు, సాయంత్రం బస్సుకల్లా తిరిగి వస్తారు. ముందు ఒకసారి తల్లులను కళాశాలకు పిలిచి ఏం పనో వివరిస్తాం. తల్లి ఒప్పుకుంటే తండ్రి కూడా ఒప్పుకుంటాడు. ఏటికొప్పాక కర్ర గురించి నువ్వు రాసిన ఆ రెండు వాక్యాలు మీ వృక్షశాస్త్రం వాళ్ళకు చూపించు, ప్రాజెక్టు అక్కడే ఉంది.

ప్రశ్న అడిగినవారి నుంచి: వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, శ్రీకాకుళం జిల్లా

అందరికీ కృతజ్ఞతలు. ఈ జవాబులను ముద్రించి మా స్టాఫ్ గదిలో నాలుగు విభాగాల వాళ్ళకూ ఇచ్చాను. కామర్స్ సార్ గ్రేడుల పేరా చదివి, "ఇది మా కాస్టింగ్ యూనిట్‌లోకి నేరుగా వస్తుంది" అన్నారు. ఆయన ఒప్పుకున్నట్లే. రసాయనశాస్త్రం మేడమ్ పూతల పరీక్ష బాధ్యత తీసుకుంటామన్నారు, పప్పుకు వాసన అంటకూడదన్న షరతు ఆమెకు బాగా నచ్చింది.

ఈ వేసవి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు ముగ్గురేసి చొప్పున మూడు జట్లు వేస్తాం. పోస్టర్ల పోటీ ఈసారి ఉండదు. ఆ రోజున ప్రతి జట్టూ తన కొలతల పట్టికను మిగతా జట్ల ముందు, పనివాళ్ళ ముందు చదివి వినిపిస్తుంది. అది కూడా కార్యక్రమమే కాబట్టి నివేదికలో రాసుకోవచ్చు. తాత్కాలిక దరఖాస్తు పడేవరకు పూత వివరాలు బయట మాట్లాడకూడదని పిల్లలతో ముందే అనుకుంటాం. అప్పు చేయకూడదన్న నియమం, పనివాళ్ళ పేర్లు చేర్చాలన్న నియమం రెండూ ఒప్పందంలో ఉంటాయి. ల్యాబులో నేను వేళ్ళు చూసిన అమ్మాయి ఒక జట్టుకు నాయకురాలిగా ఉంటానంది. వాళ్ళ అమ్మ కూడా మాట్లాడతానన్నారట.

ఒక సంగతి నాకు ఇప్పుడే తట్టింది. సరిహద్దు మండలాల నుంచి వచ్చే పనివాళ్ళలో ఒడియా మాట్లాడేవారు ఉన్నారు. మా బి.ఎ.లో ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలు ఇద్దరున్నారు, వాళ్ళను చెరొక జట్టులో వేస్తున్నాను. గిరిజన భాష సవర వచ్చిన విద్యార్థి మాత్రం ఇంకా దొరకలేదు.

ఇప్పుడు కావలసింది ఒకటే. పలాస, కాశీబుగ్గ వైపు చిన్న జీడి యూనిట్ నడిపేవారు ఈ చర్చ చదువుతుంటే, మా పిల్లలను పనిరోజున లోపల కూర్చోనివ్వండి. తనిఖీకి రావడం లేదు, యూనిట్ పేరు ఎక్కడా రాయం. పప్పు ఎంత విరుగుతోందన్న లెక్క ముందుగా మీకే ఇస్తాం. ఒప్పుకునేవారు ఇక్కడే ఒక మాట రాస్తే, ప్రిన్సిపల్‌గారి లేఖతో నేనే వచ్చి కలుస్తాను.